మీ టీం కొత్త కోచ్ మొదటి సీజన్ చెడిపోయిందా? తీర్పు చెప్పేముందు ఇవి చూడండి

అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్లో, ఆగస్టులో ఎనిమిది తొమ్మిది గెలుపులు ఖాయం అనుకున్న జట్టు నవంబర్ ఆఖరికి 4-8 దగ్గర ఆగిపోయింది. నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు, బౌల్ గేమ్ (సీజన్ బాగా ఆడిన జట్లకి చివర్లో దక్కే అదనపు ఆట) లేదు, ప్రత్యర్థి స్కూల్ (ఇక్కడ స్కూల్ అంటే యూనివర్సిటీ) వాళ్ల ముందు నోరెత్తే పరిస్థితి లేదు. ఇలాంటప్పుడు అభిమానులు రెండు ముక్కలైపోతారు. కొందరు ఇప్పుడే పంపేయాలంటారు, కొందరు మూడేళ్లు ఆగాలంటారు, కానీ ఎవరిని అడిగినా వాళ్ల చేతిలో ఉన్న ఆధారం ఆ 4-8 ఒక్కటే. ఈ ఆటలో మొదటి ఏడాది గెలుపోటముల లెక్క చూసి కోచ్‌ని తేల్చేయడం కుదరదు, అలాగని ఏమీ చూడకుండా ఓపిక పట్టడం కూడా కుదరదు.

ల్యూక్ ఫికెల్ 2017లో సిన్సినాటికి వచ్చాడు, మొదటి ఏడాది 4-8. స్కాట్ ఫ్రాస్ట్ 2018లో నెబ్రాస్కాకి వచ్చాడు, అతనిదీ మొదటి ఏడాది 4-8. ఫికెల్ రెండో ఏడాదే 11-2 కొట్టి, 2021లో ఒక్క ఓటమి లేకుండా 13-0తో జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లో అడుగుపెట్టాడు. ఫ్రాస్ట్ అక్కడ ఉన్నంతకాలం ఒక్క సీజన్ కూడా ఓటముల కంటే గెలుపులు ఎక్కువ చూడలేదు, 2022 సెప్టెంబర్‌లో తీసేశారు. నిక్ సేబన్ అలబామాలో 2007లో 7-6, అందులో సొంత మైదానంలో చిన్న జట్టు లూసియానా-మన్రో చేతిలో 21-14 ఓటమి కూడా ఉంది, ఆ తర్వాత రెండేళ్లకే 14-0తో జాతీయ టైటిల్. మ్యాట్ రూల్ బేలర్‌లో 1-11తో మొదలుపెట్టి మూడో ఏడాది 11-3కి చేర్చాడు. చాడ్ మోరిస్ ఆర్కన్సాలో 2-10 చేసి, రెండో సీజన్ పూర్తికాకుండానే ఇంటికెళ్లాడు. ఈ వరుసలో అంకె చూసి ఎవరు నిలబడతారో ఎవరు పడిపోతారో చెప్పగలరా? చెప్పలేరు. కాబట్టి అంకెని పక్కన పెట్టి దాని వెనక ఏముందో తవ్వాలి. అదెలాగో, ఏ వరుసలో చూడాలో చెప్తాను.

ముందు, అతని చేతికి ఏం వచ్చిందో రాసుకోండి

కాగితం తీసుకుని, పాత కోచ్ వెళ్లిపోయిన రోజుకి జట్టులో ఎవరున్నారో రాయండి. క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపించేవాడు) ఉన్నాడా వెళ్లిపోయాడా? అఫెన్సివ్ లైన్లో (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడుతూ ముందు నిలబడే వరుస) గత ఏడాది స్టార్ట్ చేసిన ఐదుగురిలో ఎంతమంది మిగిలారు? గత మూడు నాలుగేళ్లలో ఆ స్కూల్ సగటున ఎన్ని గెలిచింది? చివరి ప్రశ్న చాలామంది వదిలేస్తారు. నాలుగేళ్లుగా ఐదేసి గెలుపులతో నెట్టుకొస్తున్న స్కూల్లో కొత్త కోచ్ ఐదు గెలిస్తే అతను ఏమీ చెడగొట్టలేదు, ఇంకా ఏమీ బాగుచేయలేదు, అంతే. మనం నిరాశపడింది ఆగస్టులో మనమే పెట్టుకున్న ఆశ వల్ల.

2008లో మిషిగన్ కథ దీనికి మంచి ఉదాహరణ. రిచ్ రోడ్రిగెజ్ వచ్చేసరికి క్వార్టర్‌బ్యాక్ చాడ్ హెన్నీ, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ మైక్ హార్ట్, లైన్లో ఎడమ చివర నిలబడే లెఫ్ట్ టాకిల్ జేక్ లాంగ్ చదువు ముగించుకుని వెళ్లిపోయారు, ఆ తర్వాత పగ్గాలు అందుకోవాల్సిన ర్యాన్ మాలెట్ ఆర్కన్సాకి మారిపోయాడు. రోడ్రిగెజ్ ఆడించేది క్వార్టర్‌బ్యాక్ పరుగెత్తే స్ప్రెడ్ ఆట (ఆటగాళ్లని మైదానం వెడల్పునా పరిచి ఆడేది), మిగిలిన కుర్రాళ్లు అందుకు ఎంపికైన వాళ్లు కాదు. ఫలితం 3-9, చిన్న జట్టు టొలీడో చేతిలో కూడా 13-10 ఓటమి, 1975 నుంచి తెగకుండా వస్తున్న బౌల్ గేమ్‌ల వరుస తెగిపోయింది. ఆ ఏడాది అఫెన్స్ (బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే దళం) కుంటుపడటానికి సగం కారణం వారసత్వమే. డిఫెన్స్ (అవతలివాళ్లని ఆపే దళం) సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అయితే "పాత కోచ్ వదిలేసిన జట్టు" అనే సాకుకి ఇప్పుడు అప్పటంత విలువ లేదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. అప్పట్లో వేరే స్కూల్ నుంచి వచ్చిన ఆటగాడు మామూలుగా ఒక ఏడాది బయట కూర్చోవాలి. స్కూల్ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018 అక్టోబర్‌లో వచ్చింది, 2021లో ఒకసారి మారితే వెంటనే ఆడొచ్చన్నారు, 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఆడనిస్తున్నారు. అంటే కొత్త కోచ్ మొదటి చలికాలంలోనే సగం జట్టుని మార్చుకోవచ్చు. కర్ట్ సిగ్నెట్టి 2024లో ఇండియానాకి వచ్చినప్పుడు అది అంతకుముందు ఏడాది 3-9 జట్టు, అతను తన పాత స్కూల్ జేమ్స్ మాడిసన్ నుంచి తన ఆటగాళ్లని, అఫెన్స్‌నీ డిఫెన్స్‌నీ నడిపే ఇద్దరు కోఆర్డినేటర్లని వెంట తెచ్చుకుని మొదటి ఏడాదే 11-2 చేశాడు. ఇదొకటి చూసి అందరి దగ్గరా అదే ఆశిస్తే మాత్రం అన్యాయం. డియాన్ శాండర్స్ కొలరాడోలో దాదాపు జట్టంతా మార్చేస్తే 1-11 నుంచి మొదటి ఏడాది 4-8 వరకే వచ్చింది, 9-4 కావడానికి ఇంకో ఏడాది పట్టింది. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆరు సూపర్ బౌల్స్ (ఫైనల్స్) గెలిపించిన బిల్ బెలిచిక్ కూడా 2025లో నార్త్ కరొలైనాలో కొత్త ముఖాలతో నింపిన జట్టుతో 4-8 దగ్గరే ఆగాడు. ముప్పై నలభై మంది కొత్తవాళ్లు ఒకరికొకరు అలవాటు పడటానికి సమయం పడుతుంది, మరీ ముఖ్యంగా లైన్లో, అక్కడ పక్కవాడి అడుగు తెలియకపోతే ఎంత బలమున్నా పనికిరాదు.

కాబట్టి జట్టుని రెండు జాబితాలుగా విడగొట్టండి, పాత కోచ్ మిగిల్చినవాళ్లు, ఇతను తెచ్చుకున్నవాళ్లు. ఇతను ఏరికోరి తెచ్చుకున్నవాళ్లే బాగా ఆడకపోతే అది ఇతని ఖాతాలో పడాలి. మిగిలినవాళ్లు ఆడలేకపోతే కొంత తగ్గించి చూడాలి. ఇంకో సంగతి, డబ్బు. 2025-26 నుంచి స్కూళ్లు ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు, అన్ని ఆటలకీ కలిపి ఆ మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకు. అయితే అది పైహద్దు మాత్రమే, అందరూ అంత పెట్టరు. మీ స్కూల్ పక్కవాళ్లలో సగమే ఖర్చుపెడుతుంటే ఆ తేడా కోచ్ మెడకు చుట్టకండి.

తర్వాత ఓటములను ఒక్కొక్కటిగా విప్పండి

రెగ్యులర్ సీజన్ అంటే పన్నెండు ఆటలే. ఇంత చిన్న లెక్కలో రెండు బంతులు అటు పడ్డా ఇటు పడ్డా 4-8 కాస్తా 6-6 అయిపోతుంది. అందుకని ప్రతి ఆటకీ మూడు విషయాలు రాయండి. ఎంత తేడాతో ఓడారు, బంతి ఎన్నిసార్లు పోగొట్టుకుని ఎన్నిసార్లు లాక్కున్నారు, ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ ఎవరు.

ఎనిమిది పాయింట్లు (ఒక టచ్‌డౌన్‌కి, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించినందుకు, బోనస్‌తో కలిపి వచ్చే గరిష్ఠం), అంతకంటే తక్కువ తేడాతో ముగిసినవి ఒక్క స్కోర్ దూరంలోని ఆటలు. ఇలాంటివాటిలో చాలా ఏళ్ల మీద చూస్తే ఎక్కువ జట్లు సగం గెలిచి సగం ఓడతాయి, ఒక్క ఏడాదిలో అన్నీ ఓడితే మరుసటి ఏడాది కొన్ని తిరిగి రావడం మామూలు. ఓక్లహోమాలో బ్రెంట్ వెనబుల్స్ మొదటి ఏడాది 2022లో 6-7, ఆ ఏడు ఓటముల్లో ఐదు ఏడు పాయింట్లలోపు తేడావి. టెక్సస్ మీద 49-0 ఓటమి చూసి అందరూ గుండెలు బాదుకున్నారు కానీ ఆ రోజు మొదటి క్వార్టర్‌బ్యాక్ దెబ్బ తగిలి ఆడనేలేదు. మరుసటి ఏడాది 10-3. ఫంబుల్ విషయమూ అంతే, బంతిని జారవిడుచుకోవడం జట్టు తప్పు కావచ్చు, నేల మీద పడ్డాక అది ఎవరి చేతికి చిక్కుతుందన్నది చాలావరకు అదృష్టం. సీజన్ మొత్తం జారిన బంతుల్లో మూడొంతులు అవతలివాళ్లకే దొరికితే, అది వచ్చే ఏడాది అలాగే ఉండదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. దగ్గరి ఓటములకి మొదటి ఏడాది ఒక్కసారే మాఫీ. నెబ్రాస్కాలో ఫ్రాస్ట్ ఈ వాదన మీదే నాలుగేళ్లు గడిపాడు. 2021లో 3-9, తొమ్మిది ఓటములూ తొమ్మిది పాయింట్లలోపే, చూస్తే అదృష్టం లేదంతే అనిపిస్తుంది. కానీ అక్కడ ఉన్నంతకాలం ఒక్క స్కోర్ ఆటల్లో అతని లెక్క 5-22. ఇరవై ఏడు ఆటలాడాక దాన్ని అదృష్టం అనకూడదు. స్పెషల్ టీమ్స్ (బంతిని తన్నే సందర్భాల్లో దిగే దళాలు) పదేపదే ఆట చేజార్చాయి, కీలక సమయంలో బంతి పోయేది, నిర్ణయాలు తిరగబడేవి. 2022 మొదటి ఆట డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద 28-17 ఆధిక్యంలో ఉండగా ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ మనకే దక్కాలని దగ్గరగా తన్నడం) కొట్టించాడు, అవతలివాళ్లు పట్టుకుని టచ్‌డౌన్ చేశారు, చివరికి 31-28తో ఓడిపోయారు. కాబట్టి దగ్గరి ఓటమి కనిపించగానే, ఎలా పోయిందని కూడా రాయండి. ఆఖరి నిమిషంలో అవతలివాళ్లు యాభై గజాల ఫీల్డ్ గోల్ (స్తంభాల మధ్యకి తన్ని మూడు పాయింట్లు) కొట్టారా, లేక మన పంట్ (బంతిని దూరంగా తన్ని అప్పగించడం) బ్లాక్ అయిందా? మొదటిది మళ్లీ జరగకపోవచ్చు. రెండోది శిక్షణలో లోపం, ఎవరూ సరిచేయకపోతే అలాగే ఉంటుంది.

ఘోరంగా ఓడిన ఆటల్ని కూడా వాటి వరుసలో పెట్టి చూడండి. మోరిస్ 2018 సీజన్ చివరి రెండు ఆటలు 52-6, 38-0. జట్టు నెలనెలకీ దిగజారిందని ఆ రెండు స్కోర్లే చెప్తాయి. అదే 4-8 లెక్కతో 2007లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన జిమ్ హార్బా, మధ్యలో దాదాపు 41 పాయింట్ల తేడాతో ఓడతారని అందరూ లెక్కగట్టిన ఆటలో యూఎస్‌సీని వాళ్ల సొంతగడ్డ మీద 24-23తో ఓడించాడు, చివరి ఆటలో ఎప్పటి ప్రత్యర్థి క్యాల్‌ని 20-13తో కొట్టాడు. మూడేళ్ల తర్వాత ఆ జట్టు 12-1. అయితే చివర్లో మెరుగుపడటం ఒక్కటే పట్టుకుని కూర్చోకండి, ఫ్రాస్ట్ మొదటి ఏడాది 0-6 తర్వాత 4-2తో ముగించాడు, మేం సరైన దారిలో ఉన్నామని అప్పుడు అందరూ నమ్మారు. చివర్లో గెలిచిన ఆటలు ఎవరి మీద గెలిచారో చూడకుండా సంబరపడకూడదు.

ఆటని మళ్లీ పెట్టి చూసేటప్పుడు ఎక్కడ కళ్లు పెట్టాలి

పన్నెండు ఆటలూ మళ్లీ చూసే ఓపిక ఎవరికీ ఉండదు. సెప్టెంబర్‌లో ఒకటి, నవంబర్‌లో ఒకటి తీసుకోండి, ప్రత్యర్థులు ఇంచుమించు ఒకే స్థాయిలో ఉండేలా చూసుకోండి. రెండూ పక్కపక్కనే చూస్తే చాలా తెలుస్తుంది.

నేనైతే అన్నిటికంటే ముందు బంతి కదలకముందు జరిగే తప్పులు చూస్తాను. ఫాల్స్ స్టార్ట్‌లు (ముందే కదలడం), డిలే ఆఫ్ గేమ్ (సమయానికి మొదలుపెట్టకపోవడం), మైదానంలో పదకొండుకి బదులు పన్నెండు మంది ఉండిపోవడం, ప్లే (తర్వాతి ఎత్తు) అందక టైమవుట్ వృథా చేయడం. వీటికి ఆటగాడి టాలెంట్‌తో సంబంధం లేదు. హైస్కూల్ నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే రేటింగ్‌లో ఐదు స్టార్ల కుర్రాడైనా మూడు స్టార్ల కుర్రాడైనా ఎప్పుడు ఎక్కడ నిలబడాలో నేర్పేది కోచింగే. సెప్టెంబర్‌లో ఇవి ఎక్కువ ఉంటే ఫర్వాలేదు, కొత్త ప్లేబుక్ (ఎత్తుల పుస్తకం), కొత్త పిలుపులు (ఏ ఎత్తు ఆడాలో చెప్పే సంకేతాలు). నవంబర్‌లో కూడా అంతే ఉంటే నేను చాలా కంగారు పడతాను.

తర్వాత రెండో హాఫ్ చూడండి. టెక్సస్‌లో స్టీవ్ సార్కిసియన్ మొదటి ఏడాది 2021లో 5-7, వరుసగా ఆరు ఓటములు, అందులో కాన్సస్ చేతిలో సొంత మైదానంలో ఓవర్‌టైమ్‌లో 57-56 కూడా ఒకటి. ఓక్లహోమా మీద మొదటి క్వార్టర్ అయ్యేసరికి 28-7తో ముందుండి 55-48తో ఓడిపోయారు. ఇలా ముందుండి ఓడిపోయే జట్టుని చూస్తే కడుపు మండుతుంది, నిజమే. కానీ నెమ్మదిగా ఆలోచిస్తే అందులో రెండు సంగతులున్నాయి. వారమంతా సిద్ధం చేసుకున్న ప్లాన్ పనిచేస్తోంది, అంటే కోచ్‌కి ఆట తెలుసు. అవతలివాళ్లు మారాక మనవాళ్లు మారలేకపోతున్నారు, లేదా బలం చాలక అలసిపోతున్నారు, అంటే లైన్లో లోతు లేదు. మొదటిది నేర్పడం కష్టం, రెండోది రిక్రూటింగ్‌తో సరిచేయవచ్చు. మొదటి ప్లే నుంచే దారి తెలియక తడబడే జట్టు కంటే ఇది చాలా మేలు.

అంకెలు కావాలంటే సక్సెస్ రేట్ అనే కొలత ఉంది, ఎవరైనా సొంతంగా లెక్కపెట్టుకోవచ్చు. పది గజాలు ముందుకెళ్లడానికి జట్టుకి నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కోటి ఒక డౌన్. మొదటి డౌన్‌లో కావలసిన గజాల్లో సగం, రెండో డౌన్‌లో 70 శాతం, మూడు నాలుగు డౌన్లలో మొత్తం వస్తే ఆ ప్లే సఫలం. ఫస్ట్ అండ్ టెన్‌లో (మొదటి డౌన్, ఇంకా పది గజాలు కావాలి) ఐదు గజాలు వస్తే సఫలం, థర్డ్ అండ్ సెవెన్‌లో ఆరు వస్తే విఫలం. ఆట అప్పటికే చేజారిపోయాక, నాలుగో క్వార్టర్‌లో ముప్పై పాయింట్లు వెనకబడి ఆడిన ప్లేలు తీసేయండి. మొత్తం గజాలు చూస్తే రెండు పెద్ద ప్లేలు లెక్కని ఎత్తేస్తాయి, సక్సెస్ రేట్ అలా మోసం చేయదు, జట్టు ప్లే ప్లేకీ ఏం చేయగలుగుతోందో చెప్తుంది. అవతలివాళ్ల నలభై గజాల గీత దాటిన ప్రతిసారి సగటున ఎన్ని పాయింట్లు వచ్చాయో కూడా చూడండి. దాటుతున్నారు కానీ ఫీల్డ్ గోల్స్‌తో సరిపెట్టుకుంటున్నారంటే పునాది ఉంది, ముగింపు లేదు. అసలు దాటడమే లేదంటే సమస్య చాలా లోతుగా ఉంది. ఈ పని చేసే ఓపిక లేకపోతే బిల్ కానెలీ తయారుచేసే ఎస్‌పీ ప్లస్ రేటింగ్ తీసుకుని, పోయిన ఏడాది ర్యాంకునీ ఈ ఏడాది ర్యాంకునీ పోల్చండి, అది ప్రత్యర్థి బలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

టాకిలింగ్ (బంతి ఉన్నవాడిని పట్టి పడేయడం) గురించి ఒక్క మాట. చెడ్డ టాకిలింగ్ ఒక్క ఏడాదిలో బాగుపడగలదు. చెడ్డ అఫెన్సివ్ లైన్ అంత తొందరగా బాగుపడదు, దానికి రెండేళ్లు ఇవ్వడం న్యాయం.

డిసెంబర్, జనవరిలో కోచ్ ఏం చేస్తున్నాడు

పన్నెండు ఆటల కంటే ఆ తర్వాతి ఎనిమిది వారాలే నాకు ఎక్కువ చెప్తాయి. ఎందుకంటే ఆటలో కోచ్ చేతిలో లేనివి బోలెడుంటాయి, ఈ ఎనిమిది వారాల్లో నిర్ణయాలు అతనివే. తన జట్టుకి వచ్చిన జబ్బేంటో అతనికి సరిగ్గా అర్థమైందా లేదా అన్నది ఇక్కడ బయటపడుతుంది.

సార్కిసియన్ దగ్గరికే మళ్లీ వెళ్దాం. 5-7 తర్వాత అతను చేసినవి చూడండి. ఒహాయో స్టేట్ నుంచి క్విన్ యూవర్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చాడు. 2022 రిక్రూటింగ్ క్లాస్‌లో (ఆ ఏడాది హైస్కూల్ నుంచి చేర్చుకున్న బృందం) ఒకేసారి ఏడుగురు అఫెన్సివ్ లైన్ కుర్రాళ్లని సంతకం చేయించాడు, వాళ్లలో కెల్విన్ బ్యాంక్స్ మొదటి ఏడాదే లెఫ్ట్ టాకిల్‌గా స్టార్ట్ చేసి 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లని వరుసగా ఎంచుకునేది) తొమ్మిదో వాడిగా వెళ్లాడు. డిఫెన్స్ ఘోరంగా ఆడినా కోఆర్డినేటర్ పీట్ క్వియాట్‌కోస్కీని తీసేయకుండా, అనుభవమున్న కోచ్ గ్యారీ ప్యాటర్సన్‌ని సలహాదారుగా పక్కన కూర్చోబెట్టాడు. తర్వాత 8-5, 12-2, 13-3. క్వార్టర్‌బ్యాక్ లేడు, లైన్ లేదు అని జనం మొత్తుకున్నారు, అతనూ సరిగ్గా అవే రెండూ సరిచేశాడు. మీరు వెతకాల్సింది ఇదే. సీజన్‌లో కనిపించిన రోగానికీ చలికాలంలో ఇచ్చిన మందుకీ పొంతన ఉందా?

కోఆర్డినేటర్ని మార్చడం దానికదే మంచి గుర్తూ కాదు, చెడ్డ గుర్తూ కాదు. సేబన్ మొదటి ఏడాది తర్వాత అఫెన్సివ్ కోఆర్డినేటర్ మారి జిమ్ మెక్‌ఎల్వేన్ వచ్చాడు, 2008లో రెగ్యులర్ సీజన్ 12-0. మిషిగన్‌లో రోడ్రిగెజ్ కూడా ఒక్క ఏడాదికే డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌ని మార్చి గ్రెగ్ రాబిన్సన్‌ని తెచ్చాడు, డిఫెన్స్ ఇంకా దిగజారింది, మూడో ఏడాది ముగిశాక 2011 జనవరిలో అతన్నే తీసేశారు. అఫెన్స్ ఆ రెండేళ్లలో బాగా మెరుగైంది, అంటే వారసత్వం అనే సాకు అక్కడ నిజమే. కానీ డిఫెన్స్ ఎవరి చేతిలో పెట్టాలన్న నిర్ణయం రెండుసార్లూ అతనిదే, రెండుసార్లూ పొరపాటే. కాబట్టి కొత్తగా ఎవరొచ్చారు, ఇంతకుముందు ఎక్కడ ఏం చేశారు, వాళ్ల పద్ధతికీ ఉన్న ఆటగాళ్లకీ కుదురుతుందా అని చూడండి. నెలలోపే పాత స్నేహితుడిని తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే నేను అనుమానిస్తాను.

పోర్టల్ విషయంలో ఎంతమంది వెళ్లారన్న లెక్క వదిలేయండి. పాతికమంది వెళ్లారని వార్త రాగానే టెన్షన్ పడిపోతాం కానీ ఇప్పుడు బాగా ఆడే జట్ల నుంచి కూడా అంతమంది వెళ్తున్నారు. ఎవరు వెళ్లారో చూడండి. బెంచి మీదివాళ్లు ఆడే అవకాశం కోసం వెళ్తే మామూలే. స్టార్టర్లు, ముఖ్యంగా ఇంకా రెండు మూడేళ్లు మిగిలున్న కుర్రాళ్లు, అదే స్థాయి స్కూళ్లకి వెళ్తుంటే ఆలోచించాలి. ఇక కోచ్ స్వయంగా గత చలికాలంలో తెచ్చుకున్నవాళ్లే ఏడాదికే వెళ్లిపోతుంటే, ఎంపికలోనో ఇచ్చిన మాటలోనో ఏదో తేడా ఉంది. 2026లో పోర్టల్ జనవరి 2 నుంచి 16 వరకు ఒక్కసారే తెరుచుకుంది, ఇదివరకటిలా వసంతంలో ఇంకో అవకాశం లేదు, అందువల్ల జనవరి మూడోవారానికే బొమ్మ దాదాపు పూర్తిగా కనిపిస్తుంది.

హైస్కూల్ క్లాస్ ర్యాంకు చూడండి కానీ దాంట్లో లైన్ కుర్రాళ్లు ఎంతమందో విడిగా లెక్కపెట్టండి. పాస్‌లు అందుకునే చురుకైన రిసీవర్లతో క్లాస్ ర్యాంకు మెరిసిపోతుంది, నవంబర్ చలిలో ఆటని నిలబెట్టేది మాత్రం లోపలుండే లైన్ వాళ్లు.

ఓపిక పట్టకూడనివి

కొన్నిటికి రెండో ఏడాది అక్కర్లేదు. ఆటగాళ్ల ఆరోగ్యంతో చెలగాటం, దెబ్బ తగిలినవాళ్లని బలవంతంగా ఆడించడం, వేధింపులు, నిబంధనలు తెలిసి తెలిసి తొక్కడం లాంటివి ఉంటే 10-2 కోచ్‌ని కూడా పంపేయాల్సిందే, 4-8 కోచ్ గురించి చెప్పక్కర్లేదు. ఇంకోటి, జట్టు ఆడటం మానేయడం. చెడ్డగా ఆడటం వేరు, ఆడటం మానేయడం వేరు. బంతి దూరంగా ఉన్నప్పుడు డిఫెన్స్ వాళ్లు పరుగెడుతున్నారా నిలబడిపోతున్నారా చూడండి, టీవీలో కూడా కనిపిస్తుంది. నవంబర్‌లో మూడు ఆటల్లో ఇదే కనిపిస్తే, లాకర్ రూమ్ అతని చేతిలో లేదు.

కాంట్రాక్ట్ సంగతి దీంట్లో కలపకండి. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం, జింబో ఫిషర్‌ని తీసేయడానికి 7.5 కోట్ల డాలర్లకు పైనే ఒప్పుకోవాల్సి వచ్చింది. నెబ్రాస్కా ఇంకో మూడు వారాలు ఆగితే ఫ్రాస్ట్‌కి ఇవ్వాల్సిన 1.5 కోట్లు సగమయ్యేవి, అయినా ఆగలేదు. కోచ్‌ని ఉంచారంటే నమ్మకమనీ, తీసేశారంటే నమ్మకం పోయిందనీ అనుకోలేం, చాలాసార్లు అది చెక్కు మీద ఆధారపడుతుంది. దీని రెండో వైపు కూడా ఉంది. నోటర్ డామ్ 2005లో చార్లీ వైస్‌కి మొదటి సీజన్ మధ్యలోనే పదేళ్ల కాంట్రాక్ట్ రాసిచ్చింది, రెండేళ్ల తర్వాత జట్టు 3-9. మొదటి ఏడాది మంచిగా ఉన్నా చెడ్డగా ఉన్నా అంత దూరం చెప్పదు.

రెండో సీజన్‌కి మీ గీతలు ఇప్పుడే గీసుకోండి

ఇవన్నీ చూశాక "ఉంచాలి", "పంపాలి" అని ఒక్క మాటలో రాయొద్దు. వచ్చే ఆగస్టులోపు, ఆటలు మొదలవకముందే, ఏం జరిగితే నమ్ముతారో ఏం జరిగితే నమ్మరో రాసిపెట్టుకోండి. ఆటలు మొదలయ్యాక గీతలు జరుపుకోవడం మనందరికీ అలవాటు, గెలిచిన వారం ఒకలా ఓడిన వారం ఒకలా. నేను పెట్టుకునేవి ఇలా ఉంటాయి. మొదటి నాలుగు ఆటల్లో బంతి కదలకముందు పెనాల్టీలు గత ఏడాదికంటే స్పష్టంగా తగ్గాలి. ఒక్క స్కోర్ ఆటల్లో సగమైనా గెలవాలి, ఓడినా గత ఏడాది ఏ కారణంతో ఓడారో అదే కారణం మళ్లీ కనిపించకూడదు. కోచ్ తెచ్చుకున్నవాళ్లలో కనీసం ముగ్గురు నలుగురు జట్టులో అందరికంటే మెరుగైనవాళ్లలో ఉండాలి. స్పెషల్ టీమ్స్ వల్ల ఆట పోకూడదు. గెలుపుల సంఖ్య అడిగితే, ఆరు దాటడం నాకు కనీస హద్దు, అది కూడా షెడ్యూల్ చూసి ఒకటి అటూ ఇటూ.

సాకులు కూడా ఒకచోట రాసుకోండి, ఈ ఏడాది కోచ్ ప్రెస్‌మీట్లలో ఏయే కారణాలు చెప్పాడో. "మేం ఇంకా బాగా ఆడాలి" అన్నది కారణం కాదు. "మూడో డౌన్‌లో మా ప్రొటెక్షన్ పిలుపులు ఆలస్యమవుతున్నాయి, సెంటర్ కొత్తవాడు" అన్నది కారణం (సెంటర్ అంటే లైన్ మధ్యలో ఉండి బంతి అందించేవాడు, ప్రొటెక్షన్ అంటే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడటం), దాన్ని వచ్చే ఏడాది పరీక్షించవచ్చు. కొత్త సెంటర్ వచ్చాడా? పిలుపులు సమయానికి అందుతున్నాయా?

వెనబుల్స్ కూడా 10-3 తర్వాత మూడో ఏడాది మళ్లీ 6-7కి పడిపోయి నాలుగో ఏడాది లేచాడు, మైక్ నార్వెల్ ఫ్లోరిడా స్టేట్‌లో మొదటి రెండేళ్లు 3-6, 5-7 చేసి నాలుగో ఏడాది 13-1, ఐదో ఏడాది 2-10 చేశాడు. కాబట్టి ఆ కాగితాన్ని రెండో సీజన్ తర్వాత పారేయకండి. ప్రతి డిసెంబర్‌లో తీసి, పాత గీతల పక్కనే కొత్తవి రాసి, మళ్లీ లెక్క చూసుకోండి.